అన్నింటికీ ‘1’ చుట్టిన నాన్న

మీ నాన్నగారిది కావలి పక్క పల్లె, అరవై దాటిన మనిషి. చెంపలో క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పుడు నెల్లూరులో రేడియేషన్, దానితోపాటు వారానికోసారి కీమో నడుస్తున్నాయి. మూడు వారాలుగా ఆసుపత్రిలో ముప్ఫై ప్రశ్నల కాగితం ఇస్తుంటే, ఆయన పెన్ను తీసుకుని పైనుంచి కింది దాకా అన్నింటికీ ‘1’ చుట్టి ఇచ్చేస్తున్నారు. ఇంట్లో చూస్తే గ్లాసుడు జావ తాగడానికి అరగంట పడుతోంది. ఈ కాగితాన్ని ఎవరైనా చూస్తారా, చూసేటట్టయితే ఆయన బదులు మీరే నిజం రాసి ఇవ్వవచ్చా అని అడిగారు.

రెండో దానికి ముందు జవాబు చెబుతాను: ఇవ్వవద్దు. పక్కన కూర్చోండి, కళ్లజోడు లేకపోతే చదివి పెట్టండి, గుర్తు మాత్రం ఆయనే పెట్టాలి. మొదటి దానికి జవాబు అంత సులువు కాదు కాబట్టి ఇది కాస్త పొడవవుతుంది. నేను డాక్టరును కాను. నెల్లూరులో క్యాన్సర్ వార్డు నర్సుగా మొదలుపెట్టి, చివరి పదకొండేళ్లు రోగుల పక్కన కూర్చుని ఇలాంటి కాగితాలు నింపించే పనే చేశాను. ఆత్మకూరు, ఉదయగిరి, సింగరాయకొండ, టంగుటూరు నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో నా కళ్లెదుట ‘1’ చుట్టారు.

ముప్ఫై ప్రశ్నలు, గత వారం సంగతులు, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు అంటున్నారు కాబట్టి అది క్యూఎల్‌క్యూ-సీ30 అయి ఉండాలి. యూరప్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ తయారుచేయించింది, 1993లో వెలువడింది. ఇందులో మొదటి 28 ప్రశ్నలకు 1 అంటే ‘అసలు లేదు’, 4 అంటే ‘చాలా ఎక్కువ’. చివరి రెండు, 29, 30, వేరు జాతి. గడిచిన వారంలో మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది, మీ జీవితం ఎలా సాగింది అని అడుగుతాయి. అక్కడ 1 అంటే ‘చాలా అధ్వానం’, 7 అంటే ‘చాలా బాగుంది’. లెక్క కట్టేటప్పుడు ఒక్కో విభాగాన్నీ సున్నా నుంచి వంద లోపలికి మారుస్తారు. నాన్నగారు ముప్ఫైకి ముప్ఫై ఒకట్లు పెట్టారంటే ఏం వస్తుందో చూడండి. పనులు చేసుకునే శక్తి వందకు వంద. బాధలు సున్నా. మొత్తం మీద జీవితం కూడా సున్నా. ఒంట్లో ఏ బాధా లేదు, బతుకు మాత్రం ఇంతకంటే అధ్వానం ఉండదు అంటున్నాడు ఆ మనిషి!

ఇలాంటి కాగితం చేతికి వస్తే నర్సు అక్కడే ఆగి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చోవాలి. చూడకుండా వరసగా చుట్టేశారా, లేక చివరి రెండింటి దగ్గర మాత్రం నిజం చెప్పారా అన్నది అడిగితే గానీ తెలియదు. మూడు వారాలుగా ఎవరూ ఆ మాట అడగలేదంటే, మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మన పెద్దవాళ్లు పోస్టు కార్డు రాసేటప్పుడు ఇంట్లో ఏం జరుగుతున్నా మొదటి వరస ‘ఇచ్చట మేమంతా క్షేమం’ అనే. గేదె చచ్చిపోయిన సంగతి, కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిన సంగతి అడుగున, చిరునామా పక్కన ఇరికించి రాసేవారు. ఈ ఫారాన్నీ చాలామంది అలాగే నింపుతారు. డాక్టరు గారు అంత శ్రమ పడుతుంటే బాగాలేదనడం మర్యాద కాదని కొందరు. బాధ ఉందని రాస్తే కీమో ఆపేస్తారేమో, ఆరోగ్యశ్రీలో ఏదైనా మెలిక పడుతుందేమో అని ఇంకొందరు. కీమో పడ్డాక అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో బస్టాండు దాకా నడిచిన మనిషి కూడా, అడిగితే ‘తిమ్మిరేమీ లేదు సిస్టర్’ అన్నాడు. నిజానికి అది చెబితే మందు మోతాదు సరిచేస్తారు. చెప్పకపోతే ఆ మొద్దుబారడం ఎప్పటికీ ఉండిపోయే ప్రమాదం ఉంది.

అన్నీ దాచిపెట్టడమే అనుకోవద్దు. చాలాసార్లు చిక్కు మాటల్లోనే ఉంటుంది. నోటి రేడియేషన్ నాలుగో వారంలో ఉన్న ఒక పెద్దాయనను నొప్పి ఉందా అని అడిగాను. లేదమ్మా అన్నారు. నోట్లో మంట? ‘అది ఉంటుంది కదా.’ చెవిలోకి పోటు? ‘రాత్రిళ్లు.’ దవడ గుంజుతుందా? ‘తెల్లవార్లూ.’ మంట, పోటు, సలుపు, గుంజు, తీపు, ఇన్ని మాటలున్న భాషలో ఫారం మీద అచ్చయినది ‘నొప్పి’ ఒక్కటే. ఆయన లెక్కలో నొప్పి అంటే దెబ్బ తగిలితే వచ్చేది. అలసట సంగతీ అంతే. పని చేసినవాడికి కదా అలసట, మంచం మీద ఉన్నవాడికి అలసట ఏమిటి అని ఆయనే నన్ను నిలదీశారు. ఆయన వాడే మాట నీరసం. ఇక ‘వేడి’ అన్నది ఒకటుంది. నోరు పూయడం, మూత్రంలో మంట, విరేచనాలు, వీటిని మనవాళ్లు జబ్బు ఖాతాలోనూ వేయరు, మందు ఖాతాలోనూ వేయరు. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు. వేడి చేసిందని క్యాన్సర్ డాక్టరుకు ఎవరు చెబుతారు?

టంగుటూరు వైపు నుంచి రొమ్ము క్యాన్సర్‌కు వచ్చిన ఒకామె ఉండేది. ఏళ్ల తరబడి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కట్టిన కర్రలు అందించిన చేతులు. బరువు పనులకు ఇబ్బంది ఉందా అన్న మొదటి ప్రశ్నకు ‘1’ చుట్టింది. చేయి చూస్తే వాచి ఉంది. ఇప్పుడు కర్ర ఎత్తగలవా అన్నాను. ‘ఎవరు ఎత్తనిస్తున్నారు? అందుకే ఇబ్బంది లేదు’ అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. చేయడం మానేసిన పనికి ఇబ్బంది ఎక్కడిది? ఆ ప్రశ్నలో ఉదాహరణగా ఉన్నది బరువైన సరుకుల సంచి, సూట్‌కేసు. జన్మలో సూట్‌కేసు పట్టని మనిషికి నీళ్ల బిందె అని చెప్పుకోవచ్చు. అయితే ముందు అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి, అర్థం కాలేదంటేనే వివరించాలి. ఇలాంటి ఫారాన్ని ఒక భాషలోకి తెచ్చేటప్పుడు తెచ్చినదాన్ని మళ్లీ మూలభాషలోకి తిప్పి సరిచూస్తారు, రోగుల దగ్గర చదివించి పరీక్షిస్తారు. మనం ఎవరికి తోచినట్టు వాళ్లం మార్చి చదివితే ఈ వారం అంకెను వచ్చే వారం అంకెతో పోల్చడానికి ఉండదు. ఈ నియమం నాకు మొదట్లో చాదస్తంగా కనిపించేది. ఒకే రోగికి నేను చదివితే ఒక జవాబు, సాయంత్రం డ్యూటీ సిస్టర్ చదివితే ఇంకో జవాబు రావడం చూశాక నోరు మూసుకున్నాను.

పోల్చడం అన్నాను కదా, ఒక్కసారి నింపిన అంకెకు పెద్ద విలువ లేదు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన వాళ్లకు క్యాన్సర్ రాకముందే నడుము, మోకాళ్లు పట్టేసి ఉంటాయి. వాళ్లు నొప్పికి 3 పెడితే అది పాత నొప్పా, కొత్త నొప్పా? చికిత్స మొదలుకాకముందు నింపిన కాగితం ఉంటేనే తేలుతుంది. సున్నా నుంచి వంద లెక్కలో పది పాయింట్లు మారితే ఆ తేడా రోగికి తెలిసేంతదని, ఇరవై దాటితే చాలా పెద్దదని మోటుగా అనుకుంటారు. మీ నాన్నగారి చేత రేడియేషన్‌కు ముందు నింపించారో లేదో కనుక్కోండి.

ఇంకొకటి కూడా కనుక్కోవాలి. ఆ ముప్ఫై ప్రశ్నలు అన్ని రకాల క్యాన్సర్లకూ కలిపి రాసినవి. నోరు పూయడం, మింగలేకపోవడం, నోరు ఎండిపోవడం, ఉమ్మి జిగురుగా మారడం, రుచి పోవడం, నోరు తెరుచుకోకపోవడం వాటిలో లేవు. జావకు అరగంట పడుతోందన్న మాట పెట్టడానికి నాన్నగారికి ఆ కాగితంలో గడే లేదు! ఇవన్నీ అడగడానికి తల, మెడ క్యాన్సర్ల కోసం 35 ప్రశ్నల జోడు ఫారం వేరే ఉంది, కొత్త రూపంలో 43 ప్రశ్నలు. అది ఇస్తున్నారా అని అడగండి. వారం వారం ఇచ్చే కీమో సిస్‌ప్లాటిన్ అనే మందు అయితే చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం గమనించుకోవాలి. ఆ ముప్ఫైలో వాటి గురించీ ప్రశ్న లేదు, నోటితో చెప్పాల్సిందే.

ఇక మీరు నింపడం గురించి. ఇంటివాళ్లు నింపిన కాగితాన్ని, రోగి నింపిన కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు చాలా ఉన్నాయి. వాంతులు, నడక, ముద్ద మింగడం లాంటి కంటికి కనిపించే వాటిలో రెండూ దగ్గరగానే ఉంటాయి. మనసులోని సంగతికి వచ్చేసరికి తేడా పడుతుంది, ఇంటివాళ్లు సాధారణంగా ఎక్కువ బాధ రాస్తారు. మీ బెంగ ఆయన ఖాతాలో పడుతుందన్నమాట. డాక్టర్లు, నర్సులు రాస్తే తప్పు రెండోవైపు జరుగుతుంది, తక్కువ రాస్తారు. నేనూ రాశాను. మనిషి స్పృహలో లేకపోయినా, జవాబు చెప్పలేకపోయినా ఇంటివాళ్లే దిక్కు, అప్పుడు కూడా ఎవరు నింపారో కాగితం మీద రాయాలి. నాన్నగారికి ఆ అవస్థ లేదు.

పక్కన కూర్చోండి అన్నాను గానీ, ఎంత పక్కన అన్నది కూడా చూసుకోవాలి. ఫారంలో జబ్బు వల్ల డబ్బు ఇబ్బందులు వచ్చాయా అని ఒక ప్రశ్న ఉంది, ఇరవై ఎనిమిదోది. ఆరోగ్యశ్రీ కార్డు మీద చికిత్స ఉచితమే కావచ్చు. రానుపోను చార్జీలు, నెల్లూరులో గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? ఖర్చు పెడుతున్న కొడుకో కూతురో భుజం మీదుగా చూస్తుంటే ఏ తండ్రీ అక్కడ 4 పెట్టడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వచ్చిన ఒకావిడ ఫారాన్ని ఓపీ బెంచీ మీద కోడలు పైకి చదవడం నేను చూశాను. ఆ జవాబులు చించి పారేయవలసినవే. రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ‘ఆరోగ్య రొట్టె’ అని కేకవేసి, ముక్కూ మొహం తెలియనివాళ్లకు తన జబ్బు సంగతి చెప్పుకునే మనిషే, ఇంట్లోవాళ్లు వింటుంటే నోరు విప్పడు. కాబట్టి కింద పెట్టుకునే అట్ట, పెన్ను, కళ్లజోడు ఇచ్చి రెండు కుర్చీల అవతల కూర్చోండి. పిలిస్తే వెళ్లండి. డాక్టరును చూసిన తరవాత కాకుండా ముందే నింపాలి, లేకపోతే ఆ జవాబులు ఆ రోజు గదిలోకి చేరవు.

నాన్నకు గడ్డ అని మాత్రమే చెప్పాం, ఈ కాగితం వల్ల అసలు సంగతి బయటపడుతుందేమో అని భయపడే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఆ ముప్ఫై ప్రశ్నల్లో క్యాన్సర్ అన్న మాట ఎక్కడా రాదు, ‘మీ శారీరక స్థితి, చికిత్స’ అనే ఉంటుంది. రేడియేషన్ గది ముందు నెలన్నర కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా అన్నది వేరే మాట.

ఇప్పుడు ఎవరైనా చూస్తారా అన్న దగ్గరికి వస్తాను. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో కీమో తీసుకుంటున్న ముదిరిన క్యాన్సర్ రోగులు 766 మందితో ఒక పరిశోధన చేశారు. కొందరికి మామూలు పద్ధతిలో చికిత్స. మిగతావాళ్లు 12 లక్షణాల గురించి కంప్యూటర్‌లో తామే తెలిపారు. ఏదైనా బాధ తీవ్రమైతే, పెరిగితే వెంటనే నర్సుకు ఈమెయిలు వెళ్లేది. 2016లో వెలువడిన ఫలితాల్లో, ఎమర్జెన్సీకి రావలసి వచ్చినవాళ్లు మామూలు పద్ధతిలో 41 శాతం, రెండో గుంపులో 34 శాతం. 2017లో ఆయుష్షు లెక్క కూడా వచ్చింది: సగం మంది బతికి ఉన్న కాలం మామూలు పద్ధతిలో 26 నెలలు, రెండో గుంపులో 31.2 నెలలు. ఒక్క పెద్ద ఆసుపత్రి లెక్క అది, మీ నాన్నగారి జబ్బు దశ వేరు, దాన్ని హామీగా పట్టుకోవద్దు. తరవాత అమెరికాలోనే 52 కేంద్రాల్లో 1,191 మందితో చేసిన దానిలో, 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, రోగుల శారీరక సామర్థ్యం, బాధల అదుపు మెరుగుపడ్డాయి. ఈ రెండింటిలోనూ నేను చూసేది నర్సుకు వెళ్లిన ఆ కబురునే. ప్రశ్నలు గొప్పవని కాదు, జవాబు అందుకునే మనిషి ఒకరు అవతల ఉన్నారు.

లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, నింపిన ఫారాలకు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టేవాళ్లం. నెలాఖరుకు ఒకరు వచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఒకమ్మ మలబద్ధకం ప్రశ్నకు నాలుగు వారాలు వరసగా 4 పెట్టింది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు వేసుకుంటోంది. వాటితో విరేచనం బిగుసుకుపోవడం అందరికీ తెలిసిన సంగతే, దానికి తోడుగా మందు ఇస్తారు. ఆమెకు ఆ మందు అందలేదు. ఎవరూ చూడలేదు. కడుపు బిగదీసి, ఇక తట్టుకోలేక ఆమె నొప్పి మాత్రే మానేసింది. ఐదో వారం స్ట్రెచర్ మీద వచ్చింది. బీరువా తీసి ఆ నాలుగు కాగితాలు చూసింది నేనే. నింపించింది కూడా నేనే, ప్రతి దాని మీదా నా సంతకం ఉంది.

అందుకని సిస్టరును నేరుగా అడగండి: ఈ కాగితం ఎవరు చదువుతారు, ఈ రోజే చదువుతారా? చికిత్స కోసమా, పరిశోధన కోసమా? పరిశోధన అయితే మొదట్లో సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుని ఉండాలి. ఇష్టం లేకపోతే మానుకోవచ్చు, దానివల్ల చికిత్స ఆగదు. అయితే పరిశోధన ఫారాలను కొన్నిచోట్ల అన్నీ పూర్తయ్యాకే తెరుస్తారు. డాక్టరు గారు చూసే ఉంటారులే అనుకుని ఊరుకుంటే మోసపోతారు.

మనసు విషయంలో ఆ ఫారం నాలుగు ప్రశ్నలతో సరిపెడుతుంది: టెన్షన్, ఆందోళన, చిరాకు, దిగులు. చావాలనిపిస్తోందా అన్నది దానిలో లేదు. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారంలో చివరిది అదే. దానికి సున్నా తప్ప ఏ అంకె వచ్చినా ఆ రోజే మనిషితో మాట్లాడాలి. నేను పోతే మీకు సుఖం లాంటి మాట నాన్నగారి నోట వస్తే ఫారం కోసం ఆగకండి. చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని తిన్నగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అలాగే కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అది ఫారంలో రాసే సంగతి కాదు. రాత్రి అయినా సరే బండి కట్టించుకుని ఆసుపత్రికి బయలుదేరాలి.

వచ్చే వారం ఆయన మళ్లీ అన్నింటికీ ఒకట్లు చుట్టారనుకోండి. దిద్దవద్దు, పోట్లాడవద్దు. చివరి రెండు ప్రశ్నల దగ్గర వేలు పెట్టి, ఇక్కడ ఒకటి అంటే చాలా అధ్వానం అని రాసి ఉంది నాన్నా, అదేనా మీ ఉద్దేశం అని అడిగి, ఆయన ఏం చెప్పినా వినండి. కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ ‘కూతురు రాసినది’ అని పెట్టి, జావకు అరగంట పడుతోందని, రోజుకు ఎన్ని గ్లాసులు దిగుతున్నాయని, బరువు పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత అని రాయండి. ఫారం తీసుకున్న సిస్టరు దాన్ని తిరగేసి మీ ఎదుట చదివేదాకా అక్కడి నుంచి కదలవద్దు.